నంబరు లేని జెర్సీ

ఆటగాళ్లను ఎంపిక చేయడం కన్నా సుఖమైన ఉద్యోగం ఈ దేశంలో ఇంకోటి లేదు. ఎండలో పరిగెత్తేది వాళ్లు, నీడలో కూర్చునేది మనం. దెబ్బలు వాళ్లకి, టీ బిస్కట్లు మనకి. మన అంచనా నిజమైతే "నేను అప్పుడే చెప్పలేదూ!" అని ఊరంతా చెప్పుకుంటాం. తప్పయితే "మంచి కుర్రాడేనండీ, ఢిల్లీ వచ్చి చెడిపోయాడు" అని నిట్టూరుస్తాం. ఢిల్లీలోని ఒక ప్రభుత్వ రంగ సంస్థ ఫుట్‌బాల్ జట్టుకి డెబ్బైల్లో మొదలుపెట్టి ఎనభైల చివరిదాకా నేను చేసింది ఈ పనే. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. అందుకే ఆ పని కూడా నేనే చేసుకోవాల్సి వస్తోంది.

ఈమధ్య ఇద్దరు ముగ్గురు యువ కోచ్‌లు ఇంటికొచ్చి "సార్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. వాళ్ల చేతుల్లో కంప్యూటర్లున్నాయి, ఒక్కో కుర్రాడు ఎన్ని అడుగులు వేశాడో అందులో లెక్క ఉంది. నా దగ్గర ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు ఉండేవి. పెన్సిలుతో రాసింది కొట్టేయడం తేలిక. ఆ సౌకర్యం నేను ఎలా వాడుకున్నానో చెబుతాను. నా ప్రమోషన్ల గురించి మాత్రం రాయను. వాటి గురించి వినడానికి మా ఆవిడే ఒప్పుకోలేదు.

పని ఏమిటంటే

మాది సికిందరాబాదు. ఆటగాడిగానే ఢిల్లీ వచ్చాను. మూడు స్నేహపూర్వక మ్యాచ్‌ల్లో నా ఆట చూసి ఉద్యోగమిచ్చారు. ఆ మూడు మ్యాచ్‌లూ నేనెలా ఆడానో మా పిల్లలకి ఎక్కాలకన్నా ముందు వచ్చు. లీగ్‌లో మాత్రం మొదటి ఏడాది కలిసిరాలేదు. రెండో ఏడాది మోకాలు పోయింది. మోకాలే పోకపోయి ఉంటే నేనెక్కడ ఉండేవాణ్నో అని చాలామందికి చాలాసార్లు చెప్పాను. మోకాలు పోయినవాడికి ఇంకేం పని ఇవ్వాలో తోచక, ఇతరుల మోకాళ్లు చూసే పని ఇచ్చారు.

ప్రతి ఏడాదీ ఆటగాళ్ల కోటాలో మా ఆఫీసుకి ఒకటో రెండో గుమాస్తా ఉద్యోగాలు వచ్చేవి. లీగ్ వానలతోపాటు జూలైలో మొదలయ్యేది. దానికి ముందు జూన్‌లో, పొద్దున ఆరింటికి, ఆర్.కె. పురంలో మా మైదానంలో చుట్టుపక్కల ఆఫీసుల జట్లతో మూడు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడేవాళ్లం. ఉద్యోగం కోసం వచ్చిన కుర్రాళ్లను వాటిల్లో ఆడించి, ఒకణ్ని ఏరుకోవాలి. కుర్రాడికి అది బతుకు. మాకు అది లూ అనే వడగాలి మొదలయ్యేలోపు తెమలాల్సిన పని.

గోల్ కొట్టేవాణ్ని మా ఆఫీసులో లిఫ్టు నడిపే రామ్ శరణ్ కూడా గుర్తుపడతాడు. కష్టమల్లా మధ్యలో నిలబడి ఆట నడిపేవాణ్ని గుర్తుపట్టడం. వాణ్ని మా రోజుల్లో స్కీమర్ అనేవారు. బంతి తన కాలికి వచ్చేలోపే అది ఎవరికి పోవాలో వాడికి తెలిసి ఉండాలి. ఎదుటివాడు మీదికి దూకుతుంటే కూడా తెలిసి ఉండాలి. నేను ఆడింది ఆ స్థానమే కాబట్టి, ఆ విషయంలో నన్ను మించినవాడు లేడని ఆఫీసంతా అనేది. ఆ మాట పుట్టించింది కూడా నేనే.

ఖన్నా సాబ్ ఇరవై నిమిషాలు

మా క్రీడా విభాగానికి పెద్ద ఖన్నా సాబ్. ఆయన ఎప్పుడూ బూటు వేసుకుని బంతిని తన్నినవాడు కాదు. అందువల్ల ఆయనకు సందేహాలు ఉండేవి కావు. వేపచెట్టు కింద పేము కుర్చీ, పక్కన థర్మాస్. ఇరవై నిమిషాలు చూసేవారు. ఆయన దగ్గర రెండే తీర్పులు: "లడ్కే మే దమ్ హై", "దమ్ నహీ హై"; అంటే కుర్రాడిలో సత్తా ఉంది, లేదు. ఎండ కుర్చీ కాళ్ల దాకా వచ్చేసరికి ఎంపిక పూర్తయ్యేది. తరువాత దానికి తగిన కారణాలు వెతికి ఫైలులో రాయడం నా వంతు.

ఒక ఏడాది మీరట్ నుంచి ఒక స్కీమర్ వచ్చాడు. అబ్బో, ఏం ఆట! బంతి తీసుకుని తల పైకెత్తి, నలుగురిని నింపాదిగా చూసి, ఐదోవాడికి అందించేవాడు. ఖన్నా సాబ్ పది నిమిషాలకే కుర్చీలోంచి లేచారు. జూలైలో లీగ్ మొదలైంది. మావాడు మునుపటిలాగే తల పైకెత్తాడు. దించేసరికి బంతి లేదు, నేల మీద కాలు పట్టుకుని తనే ఉన్నాడు. నాలుగు మ్యాచ్‌ల తర్వాత బంతి వస్తుంటే పక్కకు తప్పుకోవడం నేర్చుకున్నాడు. తరువాత ముప్పై ఏళ్లు డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేసి, ఆఫీసు క్యారమ్స్ ఛాంపియన్‌గా రిటైరయ్యాడు.

"ఏమైంది వీడికి?" అని అడిగారు ఖన్నా సాబ్.

"ఢిల్లీ నీళ్లు పడలేదనుకుంటాను సార్" అన్నాను.

ఆ మాట ఆయనకు నచ్చింది. మరుసటి ఏడాది వచ్చినవాడికీ నీళ్లు పడలేదు. ఆపై ఏడాది వాడికీ పడలేదు. వాడు పుట్టి పెరిగింది ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనే. జూన్‌లో పులుల్లా ఉన్నవాళ్లు జూలైలో ఇలా ఎందుకవుతున్నారని ఒక్కసారైనా తీరిగ్గా ఆలోచించానా? లేదు. ఆలోచిస్తే నా ఉద్యోగం గురించి కూడా ఆలోచించాల్సి వచ్చేది.

సాయిలు

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఒకటి రెండేళ్లకు, ఒక ఆదివారం మా క్వార్టర్ తలుపు కొట్టి ఒక సన్నటి మనిషి నిలబడ్డాడు. చేతిలో రేకు పెట్టె, భుజం మీద లేసులు ముడేసిన బూట్లు. బొల్లారం నుంచి వచ్చానని, పేరు సాయిలనీ, మా పాత కోచ్ పంపాడనీ చెప్పాడు. అక్కడ సోడాల కంపెనీలో రోజుకూలీ పని మానేసి వచ్చాడు.

"అన్నా, సెప్టెంబర్ల నాకు ఇరవై అయిదు నిండుతయ్. నిండితే కోటాల తీస్కోరట. గీ ఒక్క సీజనే ఉన్నది నాకు" అన్నాడు.

"ఏం కాదు రా, నేనున్న గద" అన్నాను. ఆ మాట చాలా బాగా అన్నాను, నాకింకా గుర్తుంది.

జియా సరాయ్‌లో ఒక గది చూసిపెట్టాను. ముగ్గురు ఇంజనీరింగ్ విద్యార్థులతో కలిసి ఉండేవాడు. తెల్లవారుజామున వాళ్లు చదువుకు లేస్తే వీడు పరుగుకు లేచేవాడు. వారానికి రెండుసార్లు మా ఇంట్లో పప్పు, పచ్చిపులుసు తిని "వదినా, గీ రొట్టెల ఊర్ల నువ్వు లేకుంటే సచ్చిపోదును" అనేవాడు.

ఆ ఏడాది ఉన్నది ఒకటే ఉద్యోగం. వీడికి పోటీగా నిలిచింది పమ్మీ. లజ్‌పత్ నగర్ కుర్రాడు, అందగాడు, మంచి మాటకారి. నాకు ఎదురైన ప్రతిసారీ కాళ్లకు దణ్నం పెట్టేవాడు.

మా ఆఫీసులో ఒక నియమం ఉండేది. ఉద్యోగం వచ్చినవాడి జెర్సీ మీదే నంబరు కుట్టిస్తారు. పరీక్షకు వచ్చినవాళ్లకు స్టోర్‌లోంచి ఉత్త జెర్సీలు, వీపు మీద ఏమీ లేనివి ఇస్తారు. అన్ని ఆఫీసుల్లోనూ ఇంతే. ఆ ఏడాది చూస్తే అలాంటి జెర్సీల్లో ఒకటే వేసుకునేలా ఉంది. రెండోది చంక కింద పూర్తిగా చిరిగింది. నా ట్రంకు పెట్టెలో, కలరా ఉండల మధ్య, నా పాత ఎనిమిదో నంబరు జెర్సీ ఉంది. అది తీసుకెళ్లాను. ముందు పమ్మీకే ఇవ్వబోయాను, పక్షపాతం అనకుండా.

పమ్మీ రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించాడు. "నహీ సర్, మీ నంబరు వేసుకునే అర్హత నాకింకా లేదు. నాకు ఉత్తదే ఇవ్వండి."

ఎంత వినయమో అని మురిసిపోయాను. నోటుబుక్కులో "మంచి నడవడి" అని కూడా రాసుకున్నాను. ఎనిమిదో నంబరు సాయిలుకిచ్చాను. వాడు దాన్ని కళ్లకద్దుకుని "నీ పేరు నిలబెడత అన్నా" అన్నాడు.

పడిపోతున్నాడు

మొదటి మ్యాచ్ పక్క ఆఫీసు జట్టుతో. ఆ జట్టులో బల్దేవ్ అని ఒక బ్యాక్, అంటే గోల్ ముందు అడ్డుపడేవాడు, ఉండేవాడు. తలుపంత మనిషి. మైదానం బయట చీమను కూడా దాటుకుని నడుస్తాడు, మైదానంలో మాత్రం అతని దారిలోకి ఎవరూ వెళ్లరు. పదో నిమిషంలో సాయిలు బంతి అందుకున్నాడో లేదో, బల్దేవ్ వచ్చి తగిలాడు. వాడు నాలుగు గజాల అవతల పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. ఇంకోవైపు పమ్మీ బంతి తీసుకుని, తల పైకెత్తి, లజ్‌పత్ నగర్ మార్కెట్‌లో చొక్కాలు చూసుకుంటున్నంత తీరుబడిగా ఆడుతున్నాడు.

రెండో మ్యాచ్ ఇంకో జట్టుతో, మూడోది మళ్లీ బల్దేవ్ జట్టుతోనే. అన్నింట్లోనూ అదే తంతు. జూన్ నేల పెంకులా గట్టిపడి ఉంది. సాయిలు మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయాయి. మూడో మ్యాచ్‌లో నాకొక విషయం కనిపించింది. వాడు పడిన ప్రతిసారీ బంతి మాత్రం మావాళ్లలో ఎవడో ఒకడి కాలి దగ్గరికే చేరింది. నోటుబుక్కులో "పడ్డా కూడా బంతి సరైన చోటికే పంపాడు" అని రాశాను.

"వో ఆఠ్ నంబర్ వాలా?" అన్నారు ఖన్నా సాబ్, థర్మాస్ మూత బిగిస్తూ. "గిర్తా బహుత్ హై. దమ్ నహీ హై."

నేను రాసిన వాక్యం కొట్టేశాను. "తరచుగా పడిపోతాడు, దారుఢ్యం చాలదు" అని దాని కింద రాశాను. చెప్పాను కదా, పెన్సిలు.

ఆ కొట్టేయడమే నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అసలు తప్పు. మిగతావన్నీ తెలియక చేసినవి. ఇది కళ్లతో చూసి, చేత్తో రాసి, పై అధికారి మూత బిగించినంతసేపట్లో చెరిపేసింది. కొత్తగా వచ్చేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. మీకు కనిపించనిది రాయకపోతే ఎవరూ ఏమీ అనరు. కనిపించింది కొట్టేస్తే ముసలితనంలో కూర్చుని ఇలా రాసుకోవాల్సి వస్తుంది.

బస్‌స్టాప్ దగ్గర సాయిలుకి చెప్పాను.

"మంచిగనే ఆడిన అనుకున్న అన్నా" అన్నాడు.

"పడుతున్నవ్ రా."

"తంతే పడనా అన్నా?"

"ఆటన్నంక తన్నరా? పమ్మీ పడ్డడా?"

"పమ్మీని ఒక్కడన్న ముట్టిండా? నువ్వు సూడలేదా?"

"గది అసూయ రా" అన్నాను. ఔను, నిజంగా అన్నాను. మోచేతులు చెక్కుకుపోయి, గాయాల మీద మా ఆవిడ రాసిన పసుపుతో నిలబడ్డవాడితో అన్నాను. వాడు బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయాడు. బొల్లారం వెళ్లిపోయాడనుకున్నాను. జెర్సీ వాడి దగ్గరే ఉండిపోయింది. ఎలా అడుగుతాను?

బల్దేవ్ చెప్పిన సంగతి

లీగ్‌లో మా రెండో మ్యాచ్ బల్దేవ్ జట్టుతో పడింది. రాత్రంతా వాన కురిసి మైదానం వరిమడిలా ఉంది. మ్యాచ్‌కి అరగంట ముందు బల్దేవ్ మా బెంచీ దగ్గరికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. అతను మాట్లాడింది హిందీలో, నేను తెలుగులో రాస్తున్నాను.

"రావు సాబ్, మీ హైదరాబాదీ కుర్రాడు మా దగ్గరున్నాడు. ఇవాళ బాగా ఆడితే రేపే ఉద్యోగం చిట్ఠీ ఇస్తానన్నారు మా సాబ్. వయసు దాటిపోతోందట, పాపం. మీవాళ్లకు ఒక మాట చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"అదే జీ. వాడి మీదికి కాలు పెట్టొద్దని. నౌకరీ ఆట కదా."

నాకు అర్థం కాలేదు. అతను నన్ను ఒక క్షణం చూసి, తడి బెంచీ మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అరే వాహ్! ఇన్నేళ్లుగా ఏరుతున్నారు, మీకు తెలీదా? జూన్ మ్యాచ్‌ల్లో నంబరు లేని జెర్సీ వేసుకున్నవాడు ఉద్యోగం కోసం వచ్చినవాడు. వాణ్ని ఎవరూ ముట్టుకోరు. ఒకప్పుడు మేమంతా అలా వచ్చినవాళ్లమే. రోటీ కా సవాల్ హై జీ, కూటి సంగతి. ఏ ఆఫీసు బ్యాక్‌నైనా అడగండి."

"మరి సాయిలు..."

"మీరే కదా ఎనిమిదో నంబరు వేసి పంపారు! ఎక్కడో పెద్ద జట్టులోంచి తెచ్చుకున్న మొనగాడు అనుకున్నాం. లీగ్‌కి ముందే మర్యాద చేద్దామని మూడు మ్యాచ్‌ల్లోనూ అందరం తలా ఒక చెయ్యి వేశాం. చెయ్యి కాదు, కాలు." అతని నవ్వు ఆగింది. "మూడో రోజు గట్టిగా నాలుగుసార్లు వెళ్లాను సాబ్. నాలుగుసార్లూ నాకు వాడి కాలు దొరికింది గానీ బంతి దొరకలేదు. ఇలాంటివాణ్ని నేను చూడలేదు. మీ లిస్టులో లేడని తెలిసి, జియా సరాయ్ గల్లీలన్నీ తిరిగి పట్టుకొచ్చాను."

మీరట్ కుర్రాడు, కరోల్‌బాగ్ కుర్రాడు, నీళ్లు పడనివాళ్లంతా వరసగా కళ్ల ముందుకొచ్చారు. పమ్మీ వినయం కూడా వచ్చింది. ఢిల్లీవాడు కదా, వాడికి అంతా తెలుసు. నేను ప్రేమగా ఇచ్చిన జెర్సీయే నావాడి వీపు మీద గురి బొమ్మ అయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకే మాటా ఆ బాధకు సరిపోదు.

ఎలాగైనా దిద్దుకోవాలని మా బ్యాక్‌ల దగ్గరికి పరిగెత్తాను. నోరు తెరవబోతుంటే వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది.

"ఏం చెప్పకన్నా" అన్నాడు సాయిలు. వాడి వీపు మీద ఈసారి నంబరు లేదు. "బల్దేవ్ భయ్యా నాకు గూడ అంతా చెప్పిండు. వద్దు. మూడు మ్యాచ్‌లు తన్నులు తిన్న, గిది గూడ తింట. రేపు నౌకరీ వస్తే నాదని ఉండాలె."

"పోతే?"

"పోతే గూడ నాదే."

నేను నోరు మూసుకున్నాను. ఎంపిక చేసేవాడిగా నేను తీసుకున్న సరైన నిర్ణయాల్లో అదొకటి. రెండోది ఏమిటో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మావాళ్లు వాణ్ని వదల్లేదు. బురదలో పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. మా పమ్మీ మొదటిసారి ఒక కాలు తగలగానే రెఫరీకి ఫిర్యాదు చేసి, తరువాత గీత పక్కనే తిరిగాడు. ఒకటి ఒకటిగా ఉంది ఆట. చివర్లో సాయిలు బంతి అందుకునేసరికి మావాళ్లిద్దరు రెండు వైపుల నుంచి దూకారు. ముగ్గురూ ఒకే కుప్పగా పడ్డారు. ఆ కుప్పలోంచి బంతి మాత్రం జారుకుంటూ, ఎవరూ లేని కుడి మూలకు, సరిగ్గా వాళ్లవాడు పరిగెత్తుకొచ్చే చోటికి వెళ్లింది. గోల్. మేం ఓడిపోయాం.

నా జట్టు ఓడిపోతుంటే చప్పట్లు కొట్టకుండా ఉండటానికి రెండు చేతులూ కింద పెట్టుకుని కూర్చున్నాను.

"ఎవడీ కుర్రాడు?" అన్నారు ఖన్నా సాబ్ గొడుగు కింద నుంచి. "ఇలాంటివాణ్ని మనమెందుకు చూడలేదు?"

"చూశాం సార్" అన్నాను. "మూడుసార్లు."

తరువాత

మర్నాడు సాయిలుకి చిట్ఠీ వచ్చింది. ఇరవై అయిదు నిండే పుట్టినరోజుకి ఇంకా వ్యవధి ఉంది.

మరుసటి జూన్‌లో నేను ఖన్నా సాబ్‌తో పోట్లాడి, పరీక్షకొచ్చిన ప్రతివాడి జెర్సీకీ నంబరు కుట్టించాను. ఆ మ్యాచ్‌లు చూసి ఆయన కంగారుపడ్డారు. "ఈసారి ఒక్కడిలోనూ దమ్ లేదేంటి రావ్?" ఆ ఏడాది లీగ్‌లో మాకు అంతకు ముందెప్పుడూ లేనంత మంచి జట్టు కుదిరింది. పక్క ఆఫీసుల బ్యాక్‌లు మాత్రం నన్ను కసాయి అన్నారు. మ్యాచ్‌కి ముందు వచ్చి "వీళ్లలో నౌకరీవాడెవడు సాబ్?" అని అడిగేవారు, నేను చెప్పేవాణ్ని కాదు. వాళ్ల దయ తప్పని నేను అనను. ఆ దయ వల్ల ఎన్నో ఇళ్లల్లో పొయ్యి వెలిగింది. దాన్ని చూసి అదే ఆట అనుకున్నవాడిది తప్పు.

ఆ ఓడిన సాయంత్రం సంగతి ఒకటి మిగిలిపోయింది. స్టేడియం బయట సాయిలు నా దగ్గరికొచ్చి, సంచీలోంచి ఎనిమిదో నంబరు జెర్సీ తీశాడు. ఉతికి, మడతపెట్టి తెచ్చాడు. మోచేతి దగ్గర చిరుగు కూడా కుట్టించాడు. పక్కన బల్దేవ్ బూట్ల బురద గీకుతున్నాడు.

"నీ నంబరు అన్నా" అన్నాడు.

"నీ దగ్గర్నే ఉంచుకో రా."

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నువ్వు జూన్ల ఆడినప్పుడు గిట్లనే తన్నిండ్రా అన్నా నిన్ను?"

నేను బల్దేవ్ వైపు చూశాను. నేనొచ్చిన ఏడాది అతను ఆ జట్టులోనే కొత్తగా చేరాడు. నా మూడు మ్యాచ్‌ల్లో రెండింటిలో నా ఎదురుగా నిలబడ్డది అతనే. అతను తల ఎత్తలేదు, బూటు మడమ మీద లేని బురద గీకుతూనే ఉన్నాడు.

"లేదు రా" అన్నాను. "నాకు ఉత్త జెర్సీ ఇచ్చిండ్రు. లీగ్ల తన్నిండ్రు. గందుకే గిది రెండేండ్లే ఏస్కున్న."

మోకాలి గురించి నేను మాట్లాడకపోవడం అదే మొదటిసారి. సాయిలు జెర్సీ మళ్లీ మడతపెట్టి, తన సంచీలోనే పెట్టుకున్నాడు.